మార్తాండం కంట్లో దమయంతి

కాకినాడ చుట్టుపక్కల ఈ నలభై ఏళ్ళలో పెళ్ళికొడుకు ఆలస్యంగా వచ్చిన పెళ్ళిళ్ళు ఉన్నాయి, పురోహితుడు అసలు రాని పెళ్ళిళ్ళూ ఉన్నాయి. మైకు మార్తాండం రాని పెళ్ళిని మాత్రం జనం పెళ్ళి కింద జమకట్టరు. చదువు ఐదో తరగతిలో ఆగిపోయినా చదివింపులు మాత్రం ఆగని మనిషి ఆయన. ఫలానా మేనమామగారు స్టీలు బిందె, ఫలానా బాబాయిగారు గోడ గడియారం అని వరసగా చదువుతూ, మధ్యమధ్య జనం పొట్ట పట్టుకునేలా నవ్వించడం ఆయన పని. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆటలో కర్రముక్క తగిలి ఎడమకన్ను పోయింది. పోయిన కన్నును కూడా ఆయన ఊరికే పోనివ్వలేదు. "ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు అని నాకు తేడా లేదండీ, అందరినీ ఒకే కంట చూస్తాను" అని మైకు పట్టుకోగానే మొదలెట్టేవాడు.

ఆ ఒకే కన్ను పెద్దాపురంలో ఓ పెళ్ళిలో, చదివింపుల నడిమధ్యన మొండికేసింది. చూపుకి అడుగునుంచి నల్లటి తెర ఒకటి మెల్లగా లేచింది. ముందు కాగితంలో అక్షరాలు పోయాయి, తర్వాత కాగితమే పోయింది.

"ఎవరండీ కరెంటు తీసింది? పెళ్ళికూతురు సిగ్గుపడితే మాత్రం మరీ ఇంత చీకటా?" అన్నాడు మైకులో.

పందిరంతా గొల్లుమంది. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఆయన భార్య దమయంతి ఒక్కతే నవ్వలేదు. మైకు కర్ర కోసం ఆయన చెయ్యి గాలిలో వెతుక్కోవడం ఆమె చూసింది.

ఉప్పుటేరు పక్కన కొత్తగా వెలిసిన కంటి పరిశోధన ఆస్పత్రిలో డాక్టర్ తబస్సుమ్ ఆ కంట్లోకి చాలాసేపు చూసింది.

"రెటీనా ఊడిపోయిందండీ. దానికి తోడు శుక్లం బాగా ముదిరింది. రెండు ఆపరేషన్లూ ఒకేసారి చేసెయ్యాలి."

"టీ నా, రెటీనా? నాకు కాఫీయే అలవాటు డాక్టరమ్మ గారూ."

తబస్సుమ్ అంటే చిరునవ్వని అర్థమట. పేరుకు తగ్గట్టు నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. రెటీనా అంటే కంటి వెనకగోడకి అంటుకుని ఉండే పల్చటి పొర. చెమ్మకి గోడమీది కాగితం ఊడొచ్చినట్టు అది ఊడొస్తుంది. మళ్ళీ అతుక్కునేదాకా లోపలనుంచి దేనితోనో అదిమి పట్టాలి. అందుకు లోకమంతా గ్యాసో, సిలికాన్ నూనో వాడుతుంది. తబస్సుమ్ కొన్నేళ్ళు కష్టపడి ఇంకో దారి కనిపెట్టింది. శుక్లం పట్టిందని తీసి పారేసే లెన్సునే పారెయ్యకుండా, అందులో పోగుల్ని విడదీసి, మసక వదలగొట్టి, దారపుండ విప్పి మళ్ళీ చుట్టినట్టు వరస చెడకుండా కంటి లోపల నింపడం. దానికి తేటగుజ్జు అని పేరు పెట్టుకుంది. ఎవరి సరుకు వాళ్ళకే కాబట్టి ఒంటికి పడకపోవడమనేది లేదు, మళ్ళీ తీసే పనీ లేదు. అప్పటికి చాలామందికి చేసింది, అందరూ బాగున్నారు. పాత కలలు ఎక్కువగా వస్తున్నాయని మాత్రం కొందరన్నారు. పెద్దవాళ్ళకి పాత కలలు కాక కొత్త కలలు వస్తాయా అని ఆమె ఊరుకుంది.

మార్తాండం దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. ఆయన లెన్సు జీడిపిక్కలా నల్లబడి గట్టిపడింది. పోగు తీద్దామంటే పొడిపొడిగా రాలిపోయే రకం.

"అయితే నూనె పోసేస్తారా? ప్రమిదనుకున్నారా నా కన్ను?" అన్నాడాయన.

"నూనెతో మనుషుల ఆకారాలు కనిపిస్తాయండీ. చదవడం మాత్రం కష్టం."

చదవడం పోతే చదివింపులూ పోయినట్టే. దానికి మార్తాండం నుంచి చమత్కారం రాలేదు. అప్పుడు నోరు తెరిచింది దమయంతి. ఆమెకీ శుక్లమే. ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్న రోజే తనదీ చేయించేసుకుంటే ఒకే ఆటో, ఒకే పథ్యం, ఇద్దరికీ ఒకే చుక్కల సీసా సరిపోతాయని వాయిదా వేసుకుంటూ వచ్చింది.

"నాది ఇంకా మెత్తగానే ఉందన్నారు కదమ్మా. నాది ఆయనకి పెట్టండి."

"ఒకరిది ఇంకొకరికి ఎప్పుడూ పెట్టలేదమ్మా."

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన తిన్న కంచంలోనే తింటున్నాను. నా కంటి ఎంగిలి ఆయనకి పడదంటారా?"

ఇంకే ఊరి డాక్టరు దగ్గరైనా ఆ వాదం చెల్లేది కాదు. కాకినాడలోనే పుట్టి పెరిగిన తబస్సుమ్ దగ్గర చెల్లింది. వాళ్ళమ్మా అలాగే తినేది. పరీక్షలు చేసింది, అన్నీ సరిపోయాయి. రోగాలకి పరీక్షలున్నాయి, ఒకరిది ఒకరికి పడకపోవడానికీ పరీక్షలున్నాయి. ఆ పోగుల్లో ఇంకేం ఉందో చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

దమయంతికి మామూలు ప్లాస్టిక్ లెన్సు పెట్టి పంపేశారు. మార్తాండాన్ని మాత్రం ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు బోర్లా పడుకోమన్నారు. "బోర్లా అంటే ఏమో అనుకున్నానే, అచ్చం బోరు లాగే ఉంది" అన్నాడు మార్తాండం దిండులోకి. కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసుల సూచనలు కనబడ్డాయంటే, "జన్మలో కాసుల మొహం చూడలేదు, చివరికి కంట్లోకే వచ్చాయి, అవీ నీటివి" అన్నాడు. గంటకోసారి నర్సు వచ్చి మందు వేస్తుంటే, "పట్టపగలే చుక్కలు చూపిస్తున్నారమ్మా" అన్నాడు. వార్డు వార్డంతా నవ్వింది. కన్ను ఎర్రబడింది, వాచింది, నీరు కారింది, తర్వాత ఒకటొకటిగా సర్దుకుంది. ఇంటికొచ్చిన రోజు గోడమీది క్యాలెండర్లో చీమంత అక్షరాల్లో ఉన్న రాహుకాలం గడగడా చదివేశాడు. దమయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళిపోతే ఎంత బాగుండేది!

ఓ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మార్తాండం, కన్ను మూసుకునే పిలిచాడు.

"ఏమే దమ్మూ, నా వీపు మీద పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది. పెళ్ళినాటినుంచీ ఉంది."

"నాకిప్పుడే కనిపించింది."

ఆమె వేళాకోళమనుకుంది. ఆయన మాటల్లో వేళాకోళం కానిదేదో ఏరుకోవాలంటే బియ్యంలో రాళ్ళేరినంత ఓపిక కావాలి. కానీ ఆయన ఆపలేదు. "చొక్కా వేసుకుంటున్నాను. నీలం గళ్ళది, నువ్వు అంట్ల గుడ్డ చేసేశావే, అది. ఇప్పుడు కుక్కరు కనిపిస్తోంది. మూత పెడుతున్న చేతికి నీ గాజులున్నాయి. ఏమే, నేను నీ గాజులెప్పుడు వేసుకున్నాను?"

రోజూ అదే వరస. కన్ను తెరిస్తే మామూలు లోకం. మూస్తే ఇంకో లోకం. అక్కడ మాటా పలుకూ లేదు. వంటిల్లు, పెరడు, తడిబట్టలు, ఎవరిదో గుమ్మం, అన్నిటినీ దమయంతి ఎత్తునుంచి చూస్తున్నట్టు. తునకలు తునకలుగా వచ్చేవి. ఒక తునక వెళ్ళాక దానికన్నా పాతది వచ్చేది. మార్తాండానికి మొదట్లో మహా సరదాగా ఉంది. "పెళ్ళిచూపుల్లో నేను నిన్ను చూశాను. నీ చూపుల్లో నేనెలా ఉంటానో చూడ్డానికి ఇన్నాళ్ళు పట్టింది" అని ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పి నవ్వించాడు. నాలుగు రోజులు పోయాక మాత్రం ఓసారి నెమ్మదిగా అడిగాడు.

"నా మొహం తక్కువ, నా వీపు ఎక్కువ కనిపిస్తోందేంటే?"

"మీరు ఇంట్లో ఉన్నదెప్పుడు? వెళ్ళడమే కదా ఎప్పుడూ" అంది దమయంతి చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనుకుంది.

చెకప్పులో ఆయన ఇదంతా హాస్యంగా చెబుతుంటే తబస్సుమ్ మొహం పాలిపోయింది. ఆయన్ని బయట కూర్చోబెట్టి, దమయంతిని లోపల పరిశోధన గదిలోకి తీసుకెళ్ళింది. ఆపరేషన్ నాడు మిగిలిన పోగు కొద్దిగా గాజుపళ్ళెంలో ఉంది. దాన్ని నల్లపెట్టెలో పెట్టి మూత వేసి, పైన కెమెరా బిగించింది. పక్కన తెరమీద ముందు బూడిదరంగు నుసి ఆడింది. తర్వాత ఏదో గుండ్రంగా తిరిగింది. ఒక రెక్క వంకరపోయిన ఫ్యాను.

"ఇది మా పాతింటి ఫ్యానమ్మా" అంది దమయంతి. "జగన్నాథపురంలో ఉండేటప్పటిది. ఇక్కడికెలా వచ్చింది?"

తబస్సుమ్ కుర్చీలో కూలబడింది.

"లెన్సులో పోగు ఒకసారి పుట్టాక మారదమ్మా. పుట్టుకతో వచ్చింది లోపల అలాగే ఉంటుంది, దానిమీద కొత్తవి చుట్టుకుంటూ పోతాయి. వాటిగుండా వెళ్ళిన వెలుగు వెళ్ళిపోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాం. కొంచెం కొంచెం దాచుకున్నట్టుంది. పోగు విప్పేసరికి ఇప్పుడు వదిలేస్తోంది. పైది ముందు, లోపలిది తర్వాత. నిన్న, మొన్న, నిరుడు, అలా వెనక్కి."

"మరి మిగతా వాళ్ళకి?"

"వాళ్ళకి ఎవరి పాత వెలుగు వాళ్ళకే కనిపించింది. కలలనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను." ఆమె నుదురు రుద్దుకుంది. "నేను వినాల్సింది."

దమయంతి తెరకేసే చూస్తోంది. ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి, నుసిలో కలిసిపోయింది.

"మళ్ళీ రాదా?"

"ఒకసారి బయటపడిన వెలుగు మళ్ళీ ఉండదమ్మా."

"ఎంత వెనక్కి వెళ్తుంది?"

"పోగు ఉన్నంతవరకూ. వెళ్ళేకొద్దీ జోరు పెరుగుతోంది కూడా."

దమయంతి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. "ఆపండమ్మా. దాన్ని తీసెయ్యండి."

ఎందుకని అడిగింది డాక్టరు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పని మాట, దమయంతి ఆ మందుల వాసన గదిలో, కూతురంత వయసున్న మనిషికి చెప్పింది.

వాళ్ళకి బాబ్జీ అని ఒక్కడే కొడుకు. ఏడేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. ఆ రోజు మార్తాండం తునిలో పెళ్ళికి వెళ్ళాడు. పిల్లాడికి జ్వరం ఎక్కువైందని మనిషి చేత కబురు పంపింది. కబురు అందేసరికి చదివింపులు సగంలో ఉన్నాయి. జ్వరమే కదా, ఇవి కానిచ్చి బయల్దేరతాననుకున్నాడు. దీపాలవేళకి ఆస్పత్రి చేరాడు. బాబ్జీ మధ్యాహ్నమే పోయాడు. ఆ పూటంతా నాన్నేడీ నాన్నేడీ అని కలవరించాడు. మాట పడిపోయాక, వరండాలో ఎవరి చెప్పుల చప్పుడైనా సరే గుమ్మం వైపు తల తిప్పాడు. వచ్చింది వేరెవరో అని తెలిసి మళ్ళీ ఇటు తిప్పేవాడు. చివరిదాకా అంతే.

మార్తాండం గుమ్మంలో నిలబడి "ఏమైందే" అన్నప్పుడు, ఆయన మొహం చూసి దమయంతికి ఒకటే అనిపించింది. ఇది తెలిస్తే ఈ మనిషి మిగలడు.

"నిద్రలోనే పోయాడండీ. మిమ్మల్ని అడగలేదు. మీరున్నా వాడికి తెలిసేది కాదు" అంది.

ఆ మాటని చేతికర్రలా పట్టుకుని ఆయన మళ్ళీ లేచి నిలబడ్డాడు, మళ్ళీ మైకు పట్టుకున్నాడు, ఊళ్ళని నవ్వించాడు. ఇప్పుడు ఆ కర్రని లాగెయ్యడానికి ఆమె కన్నే ఆయన కంట్లో కూర్చుంది.

తబస్సుమ్ తెర ఆపేసింది. తర్వాత అంది, "మీరు అడక్కపోయినా ఇవాళ నేనే చెప్పాలమ్మా. వెలుగు వదిలేసినకొద్దీ పోగులు బిగుసుకుపోతున్నాయి. రెటీనాని లోపలికి లాగుతున్నాయి. ఈ వారంలో గుజ్జు తీసేసి నూనె నింపాలి. ఆకారాలైనా మిగులుతాయి. ఆలస్యమైతే అవీ ఉండవు."

అది విని దమయంతి గుండె తేలికపడింది. తేలికపడినందుకు తననుతానే అసహ్యించుకుంది. మొగుడికి చదివే చూపు పోతుందంటే హమ్మయ్య అనుకున్న ఆడది తనేనా అని ఆటోలో దారి పొడుగునా పక్కకి తిరిగి కూర్చుంది.

మార్తాండం మాత్రం ఒప్పుకోలేదు.

"కొన్నాళ్ళు ఆగుదామే."

"ఆగితే కన్ను పోతుందంటున్నారు కదండీ!"

"పోతే పోనీ. ఇదివరకొకటి పోలేదూ? దానికి తోడుంటుంది." తర్వాత గొంతు తగ్గించాడు. "నిన్న నీ పాత కుట్టుమిషను కనిపించింది. అది మనం ఎప్పుడమ్మేశామో నీకు గుర్తుందా? ఇంకొంచెం వెనక్కెళ్తే మన బాబ్జీ వస్తాడే. ఆడుకునేవాడు, అన్నం తినేవాడు, బడికెళ్ళేవాడు. నేను ఊళ్ళు తిరుగుతూ చూడనిదంతా నువ్వు చూశావు. అదంతా ఇందులో ఉంది." కంటిమీద వేలు పెట్టుకున్నాడు.

"వాడు ఆడుకోడానికన్నా ముందు పోవడం వస్తుంది." ఆయన వేలుని కంటిమీంచి తప్పించింది. "వెనకనుంచి వస్తున్నారు కదా మీరు. అది దాటాలి."

"దాటతాను. నిద్రలో పోయాడన్నావు కదా. నిద్రపోతున్న పిల్లాణ్ణి చూళ్ళేనా?"

దమయంతి లేచి నిలబడింది. తను ఆయనకిచ్చిన అబద్ధమే ఇప్పుడు ఆయనకి ధైర్యమై కూర్చుంది. నిజం చెబితే ఆపరేషన్‌కి వెళ్తాడు, మనిషి పోతాడు. చెప్పకపోతే కన్ను పోతుంది, నిజమూ తెలుస్తుంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, దానిమీద ఏమీ పెట్టకుండా నిలబడింది.

రెండు రోజులు పోయాక ఆయన కంగారుగా పిలిచాడు. "దమ్మూ, అయిపోయినట్టుందే. ఏమీ తెలియట్లేదు. కన్ను మూస్తే అంతా అలికేసినట్టుంది. కంట్లో నీరు చేరిందేమో!"

ఆస్పత్రికి పరిగెత్తారు. తబస్సుమ్ పైనుంచీ పక్కనుంచీ చూసింది. గుజ్జు తేటగానే ఉంది, రెటీనా బిగదీసుకుపోయినా ఊడలేదు. "లోపల నీరేం లేదండీ" అంది. "కంటికి ఏమీ కాలేదు. కనిపించేదే అలా ఉంది."

ఇంటికొచ్చి మార్తాండం మళ్ళీ కన్ను మూశాడు. నవ్వులాటలు మానేసి, పసిపిల్లాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు చూశాడు. అలికేసిన తెలుపు, అలికేసిన పచ్చదనం. గోడ కరిగి కారిపోతోంది, పొయ్యి మంట నాలుగు మంటలై ఊగుతోంది. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా తేటపడింది. గుమ్మం, గుమ్మంలో చేతిసంచితో తను. ముప్ఫై దాటిన వయసులో, ఒత్తుగా జుట్టుతో, నోరు తెరిచి ఏదో జోకు చెబుతున్నాడు. చెప్పి, నీళ్ళు తాగి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు మూసుకుంది. మూసుకోగానే మళ్ళీ అంతా కరిగిపోయింది.

ఇంకో తునకలో అదే. మరో తునకలోనూ అదే. తను ఇంట్లో ఉన్నంతసేపూ లోకం అద్దంలా ఉంది. తను గడప దాటగానే నీళ్ళల్లో మునిగిపోతోంది. వారాల తరబడి, నెలల తరబడి. కుండ, మంచం, తలుపు గొళ్ళెం, ఖాళీ పలక, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టే.

బాబ్జీ పోయిన ఏడాది భార్య ఏడవగా తను చూడలేదు. రాయి లాంటి ఆడదని ఆ రోజుల్లో ఎవరితోనో అన్నాడు కూడా. ఇప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ సంగతి మాత్రం ఆమెకి చెప్పలేకపోయాడు. "మంచినీళ్ళు ఇవ్వవే" అన్నాడు. ఆమె తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏం కనిపించిందండీ?" అంది, భయంభయంగా.

"నేను వచ్చే ముందు మొహం కడుక్కునేదానివా, కొంగుతో తుడుచుకునేదానివా?"

దమయంతి నేలమీద కూర్చుండిపోయింది.

"నన్ను చూసి ఏడిస్తే ఏమయ్యేదే?"

"మీరు మైకు దగ్గర నిలబడగలిగేవారా మరి?"

మర్నాడు మధ్యాహ్నం కంట్లోకి బాబ్జీ పోయిన ఆస్పత్రి వచ్చింది. వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆమె ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుంది, ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అదృష్టమనాలో ఏమనాలో, దాన్నిండా నీళ్ళే. ఇనపమంచం తెల్లగా సాగిపోయింది, గోడా దుప్పటీ ఒకటైపోయాయి. పిల్లాడి మొహం ఆనవాలే లేదు. తెలుపు మధ్యలో నల్లగా చిన్న ముద్ద మాత్రం ఉంది. జుట్టు.

దమయంతి ఊపిరి బిగపట్టి ఆయన మొహమే చూస్తోంది. ఏమీ కనిపించలేదు. తన ఏడుపే అన్నీ అలికేసింది. ఈ పూట గడిస్తే చాలు, అబద్ధం అబద్ధంగానే మిగిలిపోతుంది, కన్నయినా దక్కించుకోవచ్చు.

"దమ్మూ" అన్నాడాయన కన్ను మూసుకునే.

"ఊఁ."

"నిద్రపోతున్నవాడి తల అన్నిసార్లు ఎందుకు తిరుగుతోందే?"

ఆమె పీట ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"వెలుగున్న వైపు తిప్పుతున్నాడు. మళ్ళీ ఇటు. మళ్ళీ అటే. ఆ వెలుగు గుమ్మమా?"

జ్వరంలో కదిలాడనవచ్చు. ఫిట్స్ అనవచ్చు. ముప్ఫై ఏళ్ళు మోసినదాన్ని ఇంకొన్నాళ్ళు మొయ్యడం ఆమెకి కష్టం కాదు. కానీ మణికట్టు పట్టుకున్న ఆ చెయ్యి ఆమెని ఒత్తిడి చెయ్యడం లేదు, వేడుకుంటోంది.

"గుమ్మమేనండీ. మీకోసం చూశాడు. అడిగాడు కూడా. అడిగినన్నిసార్లూ వచ్చేస్తున్నారని చెప్పాను."

మార్తాండం ఏదో అనబోయాడు. జీవితమంతా అలవాటైన నోరు కనుక ఏదో ఒక మాట దొరుకుతుందని తెరుచుకుంది. దొరకలేదు. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. దమయంతి తన చేత్తోనే ఆ దవడని మూసి, తలని తన భుజానికి ఆనించుకుంది. వీధిలో గ్యాసుబండి వాడు గంట వాయించుకుంటూ వెళ్ళిపోయాడు.

గంట చప్పుడు దూరమయ్యాక ఆమె అంది, "ఇంక చాలు. రేపు పొద్దున్నే వెళ్దాం. డాక్టరమ్మ చూస్తానంది."

"నేను రాను."

"ఏవండీ..."

"ఆ రోజు వాడు చూశాడు నాకోసం. నేను రాలేదు. ఇప్పుడు నేను చూస్తాను, వాడొచ్చేదాకా."

తబస్సుమ్ రోజూ ఫోను చేసింది. తర్వాత తనే ఇంటికొచ్చింది. మంచం పక్కన కూర్చుని, బతిమాలి, కోప్పడి, చివరికి కంట తడి పెట్టుకుంది. తన తేటగుజ్జుని ఇంకెవరి కంట్లోనూ పెట్టనని చెప్పింది. "మీ తప్పేముందమ్మా, నా ఎంగిలి నేనే పెట్టమన్నాను" అంది దమయంతి. తలుపుదాకా సాగనంపుతూ, "ఇంకెన్నాళ్ళుంటుంది?" అని అడిగింది. తబస్సుమ్ తల అడ్డంగా ఊపింది.

జ్వరం రోజులు గడిచిపోయాయి. ఓ పొద్దున్న లోకం తేటపడింది, ఈసారి మార్తాండం గుమ్మంలో లేకుండానే. నీళ్ళు పూర్తిగా ఇంకిపోయాయి.

"వచ్చాడే!" అని అరిచాడు. దమయంతి పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

అప్పటినుంచీ ఇంట్లో వంటా వార్పూ సరిగ్గా సాగలేదు. ఆయన కన్ను మూసుకుని చూడ్డం, ఆమె అడగడం, ఆయన చెప్పడం. అది ఆమె చూసినదే. కానీ ఆ వెలుగు ఇప్పుడు ఆమె దగ్గర లేదు, ఆయన దగ్గరా ఒకసారికే ఉంది. చిల్లు కుండలో మిగిలిన నీళ్ళని ఇద్దరూ దోసిళ్ళతో అందుకున్నట్టు అందుకున్నారు.

"ఏ చొక్కా?"

"పసుపుది. బొత్తాం ఊడింది."

"పై బొత్తామా? కుట్టాను కదా దాన్ని."

"ఇంకా కుట్టలేదు నువ్వు. ఇదిగో, పన్ను ఊడిన సందులోంచి నాలుక బయటపెడుతున్నాడు. నీకేసే. నీమీద కోపమొచ్చినట్టుంది."

"తలంటు పోస్తానన్నాను కాబోలు." ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది ఎప్పుడు చేస్తోందో ఆమెకే తెలియలేదు. "అరుగు మీదున్నాడా? జారిపోతాడు, ఎప్పుడూ అంచునే కూర్చుంటాడు వెధవ."

"అంచునే కూర్చున్నాడు."

ఓ రోజు ఆయన చూపు అడుగున మళ్ళీ తెర లేచింది. చెప్పలేదు గానీ, అరుగు కింది మెట్లు కనిపించట్లేదన్నప్పుడే దమయంతికి అర్థమైంది. మరో రోజు బాబ్జీ మోకాళ్ళు కనిపించలేదు. ఇంకో రోజు, "చేతులు ఏం చేస్తున్నాయో గానీ, మొహం మాత్రం బ్రహ్మాండంగా ఉందే" అన్నాడు. ఆమె కింది నుంచి పైకి ఎంత మిగిలిందని అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం పడమటి కిటికీ పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇప్పుడేం చేస్తున్నాడండీ?"

మార్తాండం కొంచెం ఆగాడు.

"సైకిలు తొక్కుతున్నాడే."

దమయంతి తలెత్తి చూసింది. ఆ ఇంటి గడప ఏ సైకిలూ ఎక్కలేదు. మూడో తరగతికి వచ్చాక కొందామనుకున్నారు. వాడు మూడో తరగతికి రాలేదు.

ఎండ ఏటవాలుగా కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆయన మొహం మీద పడుతోంది. ఆయన కన్ను మూసుకుని లేదు, బార్లా తెరిచే ఉంది. అంత ఎండకీ రెప్ప వాలలేదు.

ఆమె ఆయన పాదం మీద చెయ్యి వేసింది.

"ఎర్రదా?" అని అడిగింది.

"ఎర్రదే. తళతళలాడిపోతోంది."

"పడతాడేమో చూడండి."

"పడడు. వెనకాల నేను పట్టుకున్నాను."